ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి

పదేళ్ళ కిందటి మాట. సాయంత్రం క్లినిక్ కట్టేసి ఇంటికి వెళుతూ బండి దగ్గర ఆగి మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. ఇంటికి వెళ్ళి పొట్లం విప్పితే, నూనె పీల్చి అద్దంలా అయిపోయిన కాగితం మీద అక్షరాలు కనపడ్డాయి. మా ఊళ్ళో ల్యాబు వాళ్ళు ఎవరికో ఇచ్చిన రక్తపరీక్ష రిపోర్టు అది. పేరుంది, వయసుంది, వీధి పేరు కూడా ఉంది. కింద వి.డి.ఆర్.ఎల్. అని రాసి, ఎదురుగా రియాక్టివ్ అని ఉంది. సుఖవ్యాధుల్లో ఒకదాని కోసం చేసే పరీక్ష అది.

ఆ పేరు గల మనిషి నా పేషెంటు కాడు. కానీ నేనెరుగుదును. రోజూ పొద్దున్నే వాకింగులో ఎదురుపడి నమస్కారం పెట్టే పెద్దమనిషి. మర్నాడూ పెట్టారు. నేనూ పెట్టాను గానీ ఆయన మొహంలోకి చూడలేకపోయాను. ఇంకో సంగతి చెప్పాలి. ఆ పరీక్ష ఒక్కోసారి ఆ రోగం లేకపోయినా రియాక్టివ్ అని వస్తుంది, మళ్ళీ వేరే పరీక్షతో నిర్ధారణ చేసుకోవాలి. బజ్జీలు తినేవాడికి ఆ ముక్క ఎవరు చెబుతారు?

బజ్జీలు తిన్నానా అని అడుగుతారేమో. తిన్నాను. కాగితం మాత్రం పొయ్యిలో పెట్టాను.

ముప్పై ఆరేళ్ళు ఒక చిన్న పట్నంలో జనరల్ ప్రాక్టీసు చేసి, కిందటి సంక్రాంతికి బోర్డు దించేశాను. ఈ పూట మీకు చెప్పే సంగతుల్లో వయసో, రోగమో, ఆడా మగా అన్నదో, ఏదో ఒకటి మార్చే చెబుతున్నాను. వింటూ ఎవరైనా 'ఇది ఫలానా వాళ్ళింటి కథే' అని గుర్తుపట్టేశారంటే మాత్రం, నన్ను ఈ స్టూడియోలోంచి లేపి పంపించెయ్యవలసిందే.

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాపరికం ఉండకూడదని మన పెద్దవాళ్ళు అంటూంటారు. నిజమే. అయితే ఈ ఇద్దరికీ చట్టంలో ఉన్న తేడా వాళ్ళు చెప్పలేదు. వకీలు తన క్లయింటు చెప్పిన మాట కోర్టులో చెప్పనంటే చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలోనూ, దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ రక్షణ ఉంది. డాక్టరుకు లేదు. జడ్జిగారు చెప్పమంటే చెప్పి తీరాలి. కోర్టు గడప ఇవతల మాత్రం నోరు కట్టుకోవాలి. మెడికల్ కౌన్సిల్ 2002లో చేసిన నియమావళి అదే అంటుంది. కోర్టు ఆదేశిస్తేనో, ఫలానా మనిషికో ఊరికో ముప్పు ఉందని స్పష్టంగా తెలిస్తేనో, తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపవలసిన జబ్బయితేనో తప్ప, రోగి రహస్యం బయటపెట్టిన డాక్టరు తప్పు చేసినట్టే. 2023 ఆగస్టులో కొత్త నియమాలు తెచ్చి, అదే నెలలో వాటిని పక్కన పెట్టేశారు. అంచేత మాకు ఇప్పటికీ ఆ 2002 నాటివే దిక్కు.

నియమాలు చదివితే అంతా బాగానే ఉంటుంది. గది మాటేమిటి?

మా తరం డాక్టర్ల గది ఎలా ఉండేదో మీలో చాలామందికి తెలుసు. బల్లకు ఇటు నేను. అటు స్టూలు మీద పేషెంటు. ఆ స్టూలు వెనకాలే బెంచీ మీద తర్వాతి నలుగురు. తలుపు గాలి కోసం ఎప్పుడూ బార్లా తీసే ఉండేది. టోకెన్లు ఇచ్చేవాళ్ళం గానీ, మా కాంపౌండరు నంబరు పిలిచేవాడు కాదు. 'మొలల పేషెంటు ఎవరండీ, లోపలికి రండి!' అని కేకేసేవాడు. ఒకసారి అలా కేకేస్తే, పంచె కట్టుకున్న ఓ పెద్దాయన లేచి, లోపలికి కాకుండా తిన్నగా రోడ్డు మీదికి నడిచిపోయాడు. మళ్ళీ రాలేదు. కాంపౌండరుది చెడ్డ మనసు కాదు. పేర్లు గుర్తుండవు, రోగాలు గుర్తుంటాయి, అంతే. నేను కోప్పడితే, 'ఇక్కడందరూ మనవాళ్ళేగదండీ' అన్నాడు. చిన్న ఊళ్ళో ఉన్న చిక్కల్లా అదే, అందరూ మనవాళ్ళే.

ఆ గదికి తలుపు పడటానికి కారణం ఒకమ్మాయి. కడుపునొప్పి అని వచ్చింది. పక్కన ఎదురింటి పిన్నిగారు తోడు. వెనక బెంచీ మీద మగవాళ్ళు. 'నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?' అని అడిగాను. బెంచీ మీదివాళ్ళు మర్యాదగా పైకప్పు కేసి చూశారు. పైకప్పు చూసినంత మాత్రాన చెవులు మూసుకుపోవు కదా. అమ్మాయి తల వంచుకుని ఏదో తేదీ చెప్పింది. ఆ తేదీ నమ్మి నేను గ్యాస్ నొప్పి అనుకుని మందు రాసి పంపాను. ఆ రాత్రి పదకొండింటికి ఆటోలో, మనిషి పాలిపోయి, నాడి అందకుండా తీసుకొచ్చారు. ట్యూబులో నిలిచిన గర్భం పగిలింది. జిల్లా ఆసుపత్రికి పంపాం. అదృష్టవశాత్తూ బతికింది. నాకు చెప్పిన తేదీ అబద్ధం. ఆ అబద్ధం చెప్పించింది నా బెంచీ.

మర్నాడే వడ్రంగిని పిలిచాను. బెంచీ వరండాలోకి పోయింది. అప్పటినుంచి నా గదిలో రోజుకు యాభైసార్లు వినపడే మాట ఒకటే, 'ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి.' గడియ పెట్టమని కాదు. ఆడపేషెంటు వస్తే మా నర్సమ్మ లోపలే ఉండాలి, తలుపు గడియ పడకూడదు, మాట మాత్రం బయటికి పోకూడదు. ఇది మర్యాద కోసం చేసే పని అనుకునేవాణ్ణి. ఆ రాత్రి తర్వాత తెలిసింది, స్టెతస్కోపు లాగే ఇదీ ఒక పరికరమని.

ఇక తలుపు వేసినా ఆగనివి కొన్నుంటాయి. పెళ్ళిళ్ళ సీజనులో నా దగ్గరికి రోగం లేనివాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. కుర్చీ లాక్కుని కూర్చుని, యోగక్షేమాలు అడిగి, గొంతు తగ్గించి, 'డాక్టరుగారూ, ఫలానావారబ్బాయి మీ దగ్గరికే వస్తాట్ట కదా. మా పిల్లని ఇద్దామనుకుంటున్నాం. ఏమన్నా ఉందా?' అనేవాళ్ళు. ఆడపిల్ల తండ్రి అడుగుతుంటే కసిరి పంపలేం. మొదట్లో ఒకసారి, ఒక మంచి కుర్రాడి గురించి, 'అబ్బే, ఏమీ లేదండీ, జ్వరానికి తప్ప రాడు, నిశ్చింతగా చేసుకోండి' అన్నాను. ఆ పెళ్ళి అయింది. నాకు భోజనం కూడా పెట్టారు.

మరుసటి ఏడు ఇంకొకాయన వచ్చాడు. ఈసారి అడుగుతున్నది ఒకమ్మాయి గురించి. ఆ అమ్మాయికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. మందులు వాడి, ఆపి, ఆరేళ్ళుగా ఏమీ లేదు. నేను, 'ఎవరి సంగతీ చెప్పకూడదండీ, మా వృత్తి ధర్మం' అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, 'పోయినేడు మా వియ్యంకుడికి చెప్పారు కదండీ' అన్నాడు. అంతే. ఆ సంబంధం తప్పిపోయింది. నేనొక్క మాట కూడా చెప్పలేదు. అయినా చెప్పేశాను. ఆ అబ్బాయికి నేను సరదాగా ఇచ్చిన మంచి మాటే ఈ అమ్మాయి విషయంలో నా మౌనానికి అర్థం తెచ్చిపెట్టింది. ఆ తర్వాత ఎంత గట్టి ఆరోగ్యవంతుడి గురించి అడిగినా ఒకటే జవాబు, అదే గొంతుతో. చాలామంది నన్ను గర్విష్ఠి అనుకున్నారు. అనుకోనిచ్చాను.

మూర్ఛ గురించి మన భయం ఊరికే రాలేదు లెండి. 1999 దాకా హిందూ వివాహ చట్టమే మూర్ఛరోగాన్ని పెళ్ళికి అడ్డుగా లెక్కపెట్టింది. ఆ ఏడు చేసిన సవరణతో ఆ మాట తీసేశారు. చట్టంలోంచి పోయింది గానీ పెళ్ళిచూపుల్లోంచి ఇంకా పోలేదు.

మరి అవతలి మనిషి ప్రాణానికే ముప్పుంటేనో? ఇలాంటి ప్రశ్నే 1998లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. తీర్పులో కేసు వేసినాయన పేరు మిస్టర్ ఎక్స్, ఆసుపత్రి పేరు హాస్పిటల్ జెడ్. రక్తదానం సందర్భంలో చేసిన పరీక్షలో హెచ్.ఐ.వి. ఉన్నట్టు తేలింది. సంగతి బయటికి పొక్కింది. కుదిరిన పెళ్ళి చెడింది, ఊళ్ళో తలెత్తుకోలేని పరిస్థితి వచ్చింది. నష్టపరిహారం కోసం కోర్టుకెక్కాడు. గోప్యత హక్కే కానీ పెళ్ళికూతురు కాబోయే అమ్మాయి ప్రాణం కన్నా ఎక్కువది కాదని కోర్టు ఆయన అప్పీలు కొట్టేసింది. దాంతో ఆగక అలాంటివాళ్ళ పెళ్ళి హక్కు మీదా వ్యాఖ్యలు చేసింది. 2002లో ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని ఆ వ్యాఖ్యలు అనవసరమైనవని పక్కకు తీసేశారు.

ఇప్పుడు దీనికి ప్రత్యేకంగా చట్టమే ఉంది. 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టం, 2018 సెప్టెంబరు నుంచి అమలు. రోగి ఒప్పుకోకుండా ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదు. భాగస్వామికి ముప్పుందని డాక్టరు నమ్మితే, ముందు రోగికి కౌన్సెలింగ్ చెయ్యాలి, అయినా అతను చెప్పకపోతే నేను చెప్పబోతున్నానని అతనికి తెలియజెయ్యాలి, అప్పుడు భాగస్వామికి చెప్పవచ్చు, అదీ ఎదురుగా కూర్చోబెట్టే. ఫోనులో కాదు, చీటీలో కాదు. ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. చెబితే భాగస్వామి కొట్టవచ్చు, ఇంట్లోంచి గెంటెయ్యవచ్చు అన్న భయం ఉంటే, ముఖ్యంగా రోగి ఆడమనిషయితే, డాక్టరు చెప్పకూడదు. ఆ ముక్క రాసినవాళ్ళెవరో మన కాపురాలు బాగా చూసినవాళ్ళు.

ఇంతసేపూ బయటివాళ్ళకి చెప్పకపోవడం గురించి మాట్లాడాను. ఇంట్లో కథ దీనికి తలకిందులు. అందరికీ తెలుస్తుంది, రోగికి తప్ప.

'నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ.' ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బయాప్సీ రిపోర్టు కొడుకు తెస్తాడు, అల్లుడు చదువుతాడు, అమెరికా నుంచి రెండో కొడుకు వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకుని అక్కడి స్నేహితుడికి చూపిస్తాడు, పెద్దమ్మకీ మేనమామకీ ఫోన్లు వెళతాయి. తండ్రికి మాత్రం 'చిన్న పుండు నాన్నా, లేజరుతో మాడ్చేస్తారు' అని చెబుతారు. ఆ అమెరికా కొడుకే నాతో ఒకసారి మాటల్లో అన్నాడు. అక్కడ వాళ్ళమ్మాయికి పద్దెనిమిదేళ్ళు నిండాయి, ఇక ఆ పిల్ల అనుమతి లేకుండా డాక్టరు తనకేమీ చెప్పట్లేదుట, హిపా చట్టం అడ్డుట. నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు ఆగకుండానే, 'నాన్న రిపోర్టు వస్తే ముందు నాకే ఫోన్ చెయ్యండి' అన్నాడు.

ఇది ప్రేమే. కాదనను. వెనకటికి చరకుడు కూడా ఇంచుమించు ఇలాగే చెప్పాడు. చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో, వైద్యం నేర్చుకునే శిష్యుడికి గురువు చేసే ఉపదేశం ఉంది. రోగి ఇంట్లోకి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, తల వంచుకుని వెళ్ళు, మనసూ మాటా రోగి మీదే ఉంచు, ఆ ఇంటి సంగతులు బయట చెప్పకు అంటాడు. రోగి ఆయుష్షు తీరుతోందని తెలిసినా, చెబితే అతనికో పక్కవాళ్ళకో దెబ్బ తగిలే చోట చెప్పవద్దంటాడు. మొదటి మాట మేం ఎంత గట్టిగా పట్టుకోవాలో అంత వదిలేశాం. రెండోది మాత్రం ఎంత వదులుగా పట్టుకోవాలో అంత బిగించేశాం. చరకుడు చెప్పవద్దన్నది దెబ్బ తగిలే చోట. ఎక్కడా చెప్పవద్దనలేదు.

ఒక రిటైర్డు లెక్కల మాస్టారు ఉండేవారు. కాలేయంలో గడ్డ. ఇంటిల్లిపాదీ నాటకం ఆడుతున్నారు, నేనూ అందులో ఒక వేషం వేశాను. నాలుగో వారం ఆయన ఒక్కరే రిక్షాలో వచ్చారు. తలుపు ఆయనే దగ్గరగా వేశారు. 'బాబూ, నా బ్యాంకు లాకరు తాళం సంగతి ఎవరికీ తెలీదు. చిన్నవాడి పేర రాయవలసిన కాగితాలున్నాయి. నాకెన్నాళ్ళుందో చెబితే ఆ పని చూసుకుంటాను. మా వాళ్ళకి నాకు తెలిసినట్టు చెప్పకండి, పాపం బాధపడతారు' అన్నారు. అప్పటికి ఆ ఇంట్లో తండ్రి దగ్గర పిల్లలు దాస్తున్నారు, పిల్లల దగ్గర తండ్రి దాస్తున్నాడు, ఇద్దరి గుట్టూ నా జేబులో ఉంది. అప్పటినుంచి పద్ధతి మార్చుకున్నాను. పరీక్షలు రాసేటప్పుడే, జబ్బేదో తేలకముందే, రోగిని అడిగేవాణ్ణి. 'రిపోర్టు వచ్చాక మీకు చెప్పమంటారా, ఇంకెవరికన్నా చెప్పమంటారా?' కొందరు, ముఖ్యంగా పెద్దావిడలు, 'మా అబ్బాయికి చెప్పండి బాబూ, నాకెందుకు' అనేవాళ్ళు. అది వాళ్ళిష్టం. నా పని అడగడం.

కాగితాల సంగతి ఇంకా మిగిలింది. మన దేశంలో రోగి చరిత్ర అంతా ఎక్కువగా రోగి సంచీలోనే ఉంటుంది. బట్టలషాపు ప్లాస్టిక్ కవర్లో నలిగిన చీటీలు, మడతపెట్టిన ఎక్స్‌రే, పసుపు మరకలు. ఆసుపత్రిలో చేరినవాళ్ళ రికార్డు మాత్రం వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్ళు దాచాలని అదే 2002 నియమావళి చెబుతోంది. రోగి అడిగితే డెబ్బై రెండు గంటల్లో ఇవ్వాలి. ఈ రెండో మాట మీరు బాగా గుర్తుపెట్టుకోండి. హైదరాబాదులో ఇంకో డాక్టరుకు చూపించుకుందామని ఫైలు అడగడానికి జనం జంకుతారు, 'ఆయనేమనుకుంటారో' అని. అనుకుంటాం, నిజమే. నా పేషెంటు ఒకాయన తన కార్డు కాపీ అడిగినప్పుడు నాకూ చివుక్కుమంది. నా మీద నమ్మకం లేదా అనుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా ముభావంగా ఉండి, సాయంత్రం కాపీ తీయించి పంపాను. డెబ్బై రెండు గంటల్లో నలభై ఎనిమిది నా అహంకారానికే అయిపోయే మనిషిని నేను, ఆరోజు ఎందుకో తొందరగా దిగొచ్చాను.

క్షయ సంగతి వేరు. 2012 నుంచి ప్రైవేటు డాక్టరయినా సరే ప్రభుత్వానికి తెలపాలి. తెలపడం అంటే నిక్షయ్ పోర్టల్లో నమోదు చెయ్యడం. ఎదురింటివాళ్ళకి చెప్పడం కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ రెండింటికీ తేడా చెరిగిపోవడం చూశాం. ఇళ్ళ తలుపులకి పోస్టర్లు అంటించారు, పేర్ల జాబితాలు వాట్సాప్‌లో తిరిగాయి. అధికారులు చట్టప్రకారం ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప ఆ పోస్టర్లు అక్కర్లేదని ఆ ఏడు డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పేసరికి జరగవలసింది జరిగిపోయింది.

ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. 2021 సెప్టెంబరులో దేశమంతటికీ డిజిటల్ ఆరోగ్య మిషను మొదలుపెట్టారు, పద్నాలుగు అంకెల ఆభా నంబరు ఇస్తున్నారు. మీ అనుమతి లేకుండా మీ రికార్డు ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పోదని ఆ పథకం చెబుతుంది. మంచిదే. కానీ ఆ అనుమతి మనం ఎలా ఇస్తున్నామో చూశారా? కౌంటరులో అమ్మాయి, 'ఓటీపీ వచ్చిందా, చెప్పండి' అంటుంది. ఎందుకని అడక్కుండా, క్యూలో వెనకున్నవాళ్ళందరికీ వినపడేలా ఆరంకెలూ చదువుతాం. పూర్వం ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేసేవాళ్ళం, ఇప్పుడు చదువుతున్నాం. కంప్యూటరయితే భద్రం అనుకోవడానికీ లేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే, అంత పెద్ద ఆసుపత్రిలో కొన్నాళ్ళపాటు ఓపీ చీటీలు చేత్తో రాసుకున్నారు. బజ్జీల పొట్లంలో ఒక్క రిపోర్టే పడుతుంది. సర్వరు పొట్లం విప్పితే లక్షలు.

నా బోర్డు దించేశాక మిగిలింది ఒక ఇనప బీరువా. దానినిండా కేసు కార్డులు, తీగకు గుచ్చినవి, రబ్బరుబ్యాండు వేసినవి. పాత పేపర్లవాడు వచ్చి త్రాసు తీశాడు. 'మంచి అట్టండి, కిలోకి ఎక్కువిస్తాను' అన్నాడు. వాణ్ణి పంపించేసి, కాంపౌండరూ నేనూ నాలుగు రోజులు కూర్చుని చించాం. చించి, నీళ్ళ తొట్టిలో నానబెట్టి, ముద్ద చేసి పెరట్లో కొబ్బరిచెట్టు కింద పూడ్చాం. చించేటప్పుడు చదవకూడదని ఒట్టు పెట్టుకున్నాం. కాంపౌండరు నాలుగోసారి 'అరె, ఈవిడ...' అనగానే వాడి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.

మూడో రోజున ఒకబ్బాయి వచ్చాడు. బెంగుళూరులో ఉద్యోగం. తండ్రి చనిపోయి రెండేళ్ళయింది. 'మీరు మూసేస్తున్నారని విన్నాను అంకుల్. నాన్న కార్డు ఉంటే ఇస్తారా? మాకూ ఆ జబ్బులు వస్తాయేమో, డాక్టరు ఫ్యామిలీ హిస్టరీ అడుగుతున్నారు' అన్నాడు. న్యాయమైన కోరిక. కార్డు దొరికింది. మూడు పేజీలు. షుగరు, బీపీ, నలభై తొమ్మిదో ఏట వచ్చిన గుండెనొప్పి, అన్నీ మొదటి రెండు పేజీల్లో ఉన్నాయి. వాళ్ళ తాతగారిది కూడా గుండెజబ్బే, అదీ రాసి ఉంది.

మూడో పేజీలో ఉన్నది జబ్బు కాదు. ఓ సాయంత్రం పేషెంట్లందరూ వెళ్ళిపోయాక ఆయన తలుపు దగ్గరగా వేసి నాకు చెప్పుకున్న సంగతి. నిద్రపట్టడం లేదంటే ఎందుకో అడిగాను, చెప్పారు, రెండు వాక్యాల్లో రాసుకున్నాను. రాయకుండా ఉండవలసింది.

అబ్బాయికి మొదటి రెండు పేజీలూ ఇచ్చాను. 'మూడోది?' అన్నాడు, కార్డు మీద నంబరు చూసి. 'అందులో నీకు వచ్చే జబ్బేమీ లేదు నాయనా' అన్నాను. కాసేపు నిలబడ్డాడు. తొట్టిలో నానుతున్న కాగితాల కేసి చూశాడు. మళ్ళీ అడగలేదు. వాడు గేటు దాటాక ఆ పేజీ చించి తొట్టిలో వేశాను. ఇవ్వవలసిందా, కాదా అని ఇప్పటికీ ఒక్కోరాత్రి లేచి కూర్చుంటాను.